అమ్మకు వచ్చిందని నాకూ వస్తుందా?



ఇక్కడి అరోరా బాలాజీ గుడికి వృద్ధులైన తల్లిదండ్రులను తీసుకొచ్చే మనవాళ్ళు నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అమ్మకు అల్‌జైమర్స్ అన్నారు డాక్టరుగారూ. నాకూ వస్తుందా?"

ప్రతి జన్యువూ మనకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులుగా వస్తుంది. 19వ క్రోమోజోము మీద ఉన్న ఏపీఓఈ జన్యువుకు ఈ2, ఈ3, ఈ4 అని మూడు రూపాలున్నాయి. ఈ4కూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని 1993లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఐరోపా సంతతివారి లెక్కల్లో, ఒక ఈ4 ఉంటే ముప్పు సుమారు 3 రెట్లు, రెండూ ఈ4 అయితే 8 నుంచి 12 రెట్లు. అయినా ఈ4 ఉన్న అందరికీ జబ్బు రాదు. లేనివారికీ రావచ్చు.

ఏపీపీ, ప్రెసెనిలిన్ జన్యువులలో వచ్చే మార్పుల సంగతి వేరు. అవి ఉంటే నలభై, యాభై ఏళ్ళకే జబ్బు వస్తుంది. ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. కానీ రోగుల్లో ఇలాంటివారు నూటికి ఒకరికన్నా తక్కువే. మీ ఇంట్లో వరుసగా చిన్న వయసులోనే వచ్చి ఉంటే జెనెటిక్ కౌన్సిలరును కలవండి.

మరి మన దేశం మాటేమిటి? 2000లో అచ్చయిన ఒక అధ్యయనంలో, పెన్సిల్వేనియా పెద్దల్లో వంద ప్రతులకు 11 ఈ4 కాగా, హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో 7 మాత్రమే. అలాగని నిశ్చింతగా ఉండరాదు. బీపీ, షుగరు, వినికిడి లోపం వంటి 14 కారణాలను సరిదిద్దగలిగితే డిమెన్షియాలో 45 శాతం దాకా నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ అంచనా వేసింది.

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన సంగతి మనకు మరీ దగ్గరిది. ఒకే భాష వచ్చినవారికన్నా రెండు భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా కనిపించాయి. చదువురానివారిలోనూ అంతే!

చివరిగా ఒక హెచ్చరిక. కిట్టు తెప్పించుకొని లాలాజలం పంపేముందు ఆలోచించండి. 2008 నాటి జీనా చట్టం ఆరోగ్య బీమాకూ, ఉద్యోగానికీ రక్షణ ఇస్తుంది. జీవిత బీమాకూ, దీర్ఘకాలిక సంరక్షణ బీమాకూ ఇవ్వదు. పైగా మీకు రెండూ ఈ4 అని తేలితే, మీ పిల్లలందరికీ ఒకటి వచ్చినట్టే. వాళ్ళకు చెప్పాలా వద్దా అన్నది ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. అదీ తెలుగులోనే మాట్లాడుకోండి.