చక్రం చేసే చప్పుడు

మెదక్ నుంచి నర్సాపూర్ అడవి దారిలో హైదరాబాద్ వెళ్తున్నారు. అరవై దాటగానే కారు ముందు నుంచి ఊఁ... అని తుమ్మెద రొద. వేగంతోపాటే పెరుగుతోంది. టైరు చప్పుడేలే అని వదిలేయకండి, చక్రం బేరింగ్ అరిగి ఉండొచ్చు. వేగం కోసం చేసిన కార్లకు ఈ బాధ ఎక్కువ. వాటి పలచని టైర్లు గుంత దెబ్బను మింగలేవు, అది సూటిగా బేరింగ్‌కే తగులుతుంది.

మలుపులో చెవి పెట్టండి. బండి ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు రొద పెరిగితే అనుమానం కుడి బేరింగ్ మీదే. జాకీతో లేపి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజుగా కదిలిందా? ఒకరిని బ్రేకు తొక్కమనండి. కదలిక ఆగితే బేరింగే, ఆగకపోతే బాల్ జాయింట్ చూడాలి. ఇంకా సందేహమైతే సస్పెన్షన్ స్ప్రింగు మీద వేళ్లు ఆనించి చక్రం తిప్పండి. గరగర వేళ్లకే తెలిసిపోతుంది.

మార్చేటప్పుడు సుత్తి మాత్రం వద్దు, దయచేసి. ప్రెస్సుతో, బయటి రింగు మీదే ఒత్తిడి పడేలా బేరింగ్‌ను గూట్లోకి దించాలి. లోపలి రింగును నొక్కితే కొత్త బేరింగ్ అక్కడికక్కడే దెబ్బతింటుంది. యాక్సిల్ నట్టు కొత్తది వేయించి, కంపెనీ చెప్పిన లెక్కకు టార్క్ రెంచితోనే బిగించమనండి.