జబ్బుకు ముందరి పథ్యం



హిందీలోని 'పర్‌హేజ్' అనే మాటను తెలుగు చేయవలసి వచ్చినప్పుడల్లా నేను 'పథ్యం' అని వ్రాస్తుంటాను. రెండు భాషలలోనూ ఆ మాట జబ్బు చేసిన తరువాతనే గుర్తుకు వస్తుంది. జబ్బుకు ముందు పాటించవలసిన పథ్యాన్ని గురించి నేడు మనవి చేయదలచాను.

గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం, క్యాన్సర్, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులు ఒకరి నుండి మరొకరికి అంటేవి కావు. కాని వాటికి దారితీసే అలవాట్లు ఇంటిల్లిపాదికీ అంటుకుంటాయి. పొగాకు, మద్యం, ఉప్పూ చక్కెరా కొవ్వూ మితిమీరిన ఆహారం, శరీరశ్రమ లోపించడం వాటిలో ముఖ్యమైనవి. వయస్సు, వంశపారంపర్యం మన చేతిలో లేవు. ఇవి చాలవరకు ఉన్నాయి.

భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. మరి 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ఈ రెండవ సంఖ్యలోనే ఆశ కూడా ఉన్నది. అటువంటి అంచున ఉన్న 531 మందిపై చెన్నై పరిశోధకులు జరిపిన అధ్యయన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మామూలు సలహాతో సరిపెట్టిన వర్గంలో మూడేళ్ళలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. ఆహార నియమం, నడక పాటించేటట్లు వెంటపడి ప్రోత్సహించిన వర్గంలో ఆ సంఖ్య 39 మాత్రమే.

ఇక నా సంగతి. ఒకప్పుడు రక్తపోటుపై ఒక కరపత్రాన్ని తెలుగు చేశాను. రోజుకు ఉప్పు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదని నా చేతితోనే వ్రాశాను. ఆ రాత్రి నాన్నగారి మజ్జిగన్నంలోకి ఊరగాయ వడ్డించినదీ ఆ చేతితోనే. రక్తపోటు ఎన్నడైనా చూపించుకున్నారా అని అడగనైనా లేదు. మరుసటి ఏడు ఆయనకు పక్షవాతం వచ్చింది. రక్తపోటు చాలాకాలంగా ఉండి ఉంటుందని వైద్యులు చెప్పారు. ఊరగాయ ఒక్కటే కారణమని అనను. ఊరందరికోసం వ్రాసిన మాట మా గడప దాటి లోపలికి రాలేదు, అంతే.

ఉత్తరాదిన అచార్, పాపడ్. మనకు ఊరగాయ, అప్పడం. పేర్లు వేరైనా వాటిలోని ఉప్పు ఒక్కటే. కూరగాయలు కొనలేని కుటుంబానికి, నడవడానికి బాట లేని వాడకు ఉపదేశం మాత్రమే చాలదన్నది నిజం. అయినా 30 ఏళ్ళు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో రక్తపోటు, మధుమేహ పరీక్షలు జరుపుతున్నారు. వారానికి 150 నిమిషాల చురుకైన నడకకు రుసుము లేదు.

ఈ సభ నుండి ఇంటికి వెళ్ళగానే మీ పెద్దలను నేను అడగని ఆ ఒక్క ప్రశ్న అడగండి.