కదిలే బొమ్మను ఆపి చూద్దాం

(జంషెడ్‌పూర్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం చెంత వెలసిన ఈ నగరం పరిశ్రమతోపాటు పలు భాషల సహవాసానికి కూడ పేరొందినది. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడింది. 1912లో సాక్చీ గ్రామంలో తొలి ఉక్కు తయారయింది. 1919లో ఈ ఊరికి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చింది. అనాదిగా ఇక్కడున్న సంతాల్, హో, భూమిజ్ ప్రజల సరసన బెంగాలీలు, ఒడియావారు, బీహారీలు, పంజాబీలు, తెలుగువారు స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లో మనవారు నిర్మించుకొన్న రామమందిరం ఆ వలసకు ఒక గుర్తు. ఎక్కడినుండో వచ్చినవారిని ఇముడ్చుకొన్న ఊరిది.

ఇట్టి నగరపు పొలిమేరలలోనే 2017 మే 18వ తేదీన ఘోరం జరిగింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి సెల్‌ఫోన్లలో పాకింది. సరాయికేలా-ఖర్సావాన్ జిల్లా రాజ్‌నగర్ ప్రాంతంలో నలుగురిని, నగరాన్ని ఆనుకొని ఉన్న బాగ్‌బేడా ప్రాంతంలో ముగ్గురిని జనసమూహాలు కొట్టి చంపాయి. చనిపోయినవారు పిల్లలను ఎత్తుకుపోయేవారు కారు. గుంపు వారిని పరాయివారుగా చూసింది. వదంతి ఆ చూపుకు కారణం చూపింది.

మరుసటి సంవత్సరం ఇదే వదంతి వీడియో రూపం ధరించి దేశమంతటా తిరిగింది. వీధిలో పిల్లలు ఆడుకొంటూ ఉంటారు. మోటారుసైకిలుపై ఇద్దరు వస్తారు. ఒక బిడ్డను ఎత్తుకొని మాయమవుతారు. అంతటితో వీడియో ముగుస్తుంది. చూచిన తల్లి గుండె చెదరకుండా ఎట్లా ఉంటుంది? కాని అసలు చిత్రం అక్కడ ముగియలేదు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల భద్రతపై తల్లిదండ్రులను హెచ్చరించడానికి నటులతో తీసిన ప్రచార చిత్రం. చివర ఆ మనిషి బిడ్డను తిరిగి దింపి, హెచ్చరిక రాసిన ఫలకాన్ని చూపుతాడు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. ఆ కత్తిరింపుతో హితబోధ కాస్తా అభియోగంగా మారిపోయింది.

ఇటువంటి వీడియో చేతికి అందినప్పుడు మనం చేయగలిగినదేమి? సాధారణంగా సెకనుకు ఇరవైనాలుగు నుండి ముప్పై నిశ్చల చిత్రాలు వరుసగా కనిపించడమే వీడియో. చిత్రాన్ని ఇచ్చి వెదికే సాధనాలు మనకున్నాయి. టిన్‌ఐ 2008లో వచ్చింది. గూగుల్ 2011లో ఈ సౌకర్యం కల్పించింది. నేడు గూగుల్ లెన్స్ స్మార్ట్‌ఫోన్లలో అందుబాటులో ఉన్నది. ఈ యంత్రాలు చిత్రంలోని రంగులను, ఆకారాలను, అంచులను అంకెలుగా మార్చి, తమ భాండారంలోని చిత్రాలతో పోల్చి చూస్తాయి. కనుక వీడియోను ఆపి, స్పష్టమైన ఒక ఫ్రేమును స్క్రీన్‌షాట్ తీసి వెదకాలి.

ఏ ఫ్రేమును ఎన్నుకోవాలన్నదే ఇందులోని నేర్పు. పరుగెత్తే మనుషులు మసకబారిన చోటు పనికిరాదు. దుకాణపు పేరుపలక, వాహనపు నంబరు, భవనం, కొండ, పోలీసు దుస్తులు కనిపించే చోట ఆపాలి. మొదట, నడుమ, చివర నుండి కనీసం మూడు నాలుగు ఫ్రేములు తీయాలి. మీదనెవరో అతికించిన అక్షరాలను కత్తిరించాలి. బొమ్మను కుడియెడమలుగా తిప్పిన జాడ ఉంటే తిరిగి సరిచేయాలి. ఒక సాధనంలో దొరకనిది మరొకదానిలో దొరకవచ్చు. దొరికిన వాటిలో అతి పాత తేదీ గలదానిని తెరచి, అక్కడి వివరాన్ని ఆసాంతం చదవాలి. నిన్న మన ఊళ్లో జరిగిందని చెప్పిన దృశ్యం మూడేళ్లనాడే మరొక దేశంలో కనిపించి ఉంటే, ఇక వేరే సాక్ష్యంతో పనిలేదు.

అయితే ఈ సాధనానికి హద్దులున్నాయి. ఏమీ దొరకనంత మాత్రాన వీడియో నిజమని కాదు. దొరికిన పాత తేదీయే దాని పుట్టినతేదీ అని కూడ నిశ్చయింపరాదు. ఉత్త అక్షరాలతో వచ్చే వదంతిని ఇది పట్టలేదు. బాధితుల ముఖాలను, పసిపిల్లల చిత్రాలను ఇష్టం వచ్చినట్లు సాధనాలలోకి ఎక్కించడం ధర్మం కాదు. పరిసరాల భాగం మాత్రమే కత్తిరించి వెదికితే చాలు.

యంత్రం చేరని చోటికి మనిషి నడిచి వెళ్లాలి. 2018లో తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న శ్రీమతి రెమా రాజేశ్వరి పల్లెపల్లెకూ పోలీసు సిబ్బందిని పంపారు. జానపద కళాకారుల పాటల ద్వారా వదంతులను నమ్మవద్దని చెప్పించారు. ప్రజల భాషలో, ప్రజల ముంగిట చెప్పిన మాట నిలిచింది.

మిత్రులారా, మీ ఇళ్లలో అమ్మమ్మలకు, తాతయ్యలకు కూడ నేడు వీడియోలు వస్తున్నాయి. వారిని చూచి నవ్వకండి. పక్కన కూర్చుండి, వీడియోను ఆపి, బొమ్మను వెదికి చూపండి. తెలుగులోనే చెప్పండి. పొరుగింటివారికి హిందీలోనో, బెంగాలీలోనో, సంతాలీలోనో చెప్పండి. ఈ వెదుకులాటకు అయిదు నిమిషాలు పట్టవచ్చు. 2017 మే నెలలో ఆ అయిదు నిమిషాలు ఆగినవారు చాలినంతమంది లేకపోయారు. ఇకమీదట ఈ ఊరికి వచ్చే కొత్త మనిషికి ఆ అయిదు నిమిషాలు మనం బాకీ ఉన్నాము.