కంప్యూటర్‌లో మన పేరుందా?

(అరకు లోయలోని ఒక గూడెంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఒక్క ప్రశ్న అడగడానికొచ్చాను. మీరు దున్నుతున్న భూమి సర్కారు కంప్యూటర్‌లో ఎవరి పేరున ఉంది? చూసినవాళ్ళు చేతులెత్తండి. ఇద్దరే ఎత్తారు. మిగిలినవాళ్ళు సిగ్గుపడక్కర్లేదు. మనకి చూపించనివాళ్ళు సిగ్గుపడాలి.

ఈ కొండల్లో ఒకప్పుడు ముఠాదార్ల పెత్తనం. శిస్తు కట్టించేవాడికి పేరు, దున్నేవాడికి చెమట. 1969లో 2వ నంబరు రెగ్యులేషన్ ముఠాలను రద్దు చేసింది. సర్వే జరిగింది. పల్లం భూములకి కొందరికి పట్టాలొచ్చాయి. మెట్ట మీది పోడుని చాలావరకు అడవి కింద, సర్కారు భూమి కింద రాసేసుకున్నారు. 2015లో ‘మీభూమి’ వచ్చింది. పాత రిజిస్టర్లో ఉన్నదే కంప్యూటర్లోకెక్కింది. ఖాళీ గడి ఖాళీగానే ఎక్కింది, దొంగ పేరు దొంగ పేరుగానే ఎక్కింది. యంత్రానికి న్యాయం తెలీదు, ఎవడో కొట్టిన అక్షరం తెలుసు.

అందులో రెండు కాగితాలు చూడాలి. 1-బి అంటే భూమి ఎవరి హక్కులో ఉందో చెప్పేది. అడంగల్ అంటే ఏ సర్వే నంబర్లో ఎవరు సాగు చేస్తున్నారో చెప్పేది. అడంగల్‌లో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు. రెండూ చదవాలి. మా నాన్న పాలేరు. ఆయనకిచ్చిన బంజరు పట్టా ట్రంకుపెట్టెలో భద్రంగా ఉండేది. నేను డిగ్రీ చదివాక రికార్డు తీయిస్తే, అనుభవదారు గడిలో పక్క పొలం కామందు పేరుంది! పట్టా మా పెట్టెలో, భూమి ఆయన గడిలో. మా వంశంలో ఆ గడి చదవగలిగిన మొదటివాణ్ణి నేనే. మీ ఊళ్ళో చదువుకున్న పిల్లలున్నారు కదా, వాళ్ళకి ముందు ఈ పని చెప్పండి.

ఇక అటవీ హక్కు పట్టాలు. 2006 చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసీకి నాలుగు హెక్టార్ల దాకా హక్కుంది. పెళ్ళయినవాళ్ళయితే పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ఆ భూమి పిల్లలకి వస్తుంది, అమ్మడానికి లేదు. పట్టా ఇచ్చాక మూడు నెలలు దాటకుండా రెవెన్యూ, అటవీ రికార్డుల్లో ఎక్కించాలని 2012లో సవరించిన రూల్సు చెబుతున్నాయి. మీది ఎక్కిందా? భార్య పేరు ఎక్కిందా? రైతు పథకాల జాబితాలు రికార్డు చూసే తయారవుతాయి. అందులో లేకపోతే పెట్టెలో పట్టా ఉన్నా లేనట్టే చూస్తారు.

హక్కు తిరస్కరించినవాళ్ళని ఖాళీ చేయించమని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. దేశమంతా ఆదివాసులు భగ్గుమన్నారు. అదే నెల 28న కోర్టే దాన్ని నిలిపింది. రికార్డులో రాసిన ఒక్క మాట మన గుడిసె మీదకి ఎలా వస్తుందో చూశారా?

మనలో ఎస్సీలూ ఉన్నారు. అటవీ హక్కు కావాలంటే వాళ్ళు 75 ఏళ్ళ నివాసం చూపించమంటోంది చట్టం. బడి మొహం చూడనివ్వని తాతకి కాగితం ఎక్కడిది? దీని మీద మనం కొట్లాడాలి. కానీ 1/70 చట్టాన్ని తీసెయ్యమని మన పేరు చెప్పుకుని వచ్చేవాళ్ళ ఉచ్చులో పడొద్దు. 1/70 లేకపోతే ఈ లోయ ఎప్పుడో షావుకార్ల రిసార్టులైపోయేది. ఆదివాసీ భూమిని గిరిజనేతరుడికి అమ్మినా, కుదువ పెట్టినా, లీజుకిచ్చినా ఆ చట్టం కింద చెల్లదు. ‘లీజే కదా’ అని ఎవడైనా కాగితం తెస్తే వేలిముద్ర వెయ్యకండి.

ఏటి చెయ్యాలి మరి? మొదట గూడెంలో కూర్చుని ఒక నోటుబుక్కు రాయండి. ఎవరి భూమి, ఏ సర్వే నంబరు, ఎన్నాళ్ళ సాగు, ఏ పట్టా. రెండోది, సిగ్నలందే చోటికి ఫోను పట్టుకెళ్ళండి, లేకపోతే సచివాలయానికి నలుగురూ కలిసెళ్ళండి. జిల్లా, మండలం, ఊరు, సర్వే నంబరు కొట్టించి అడంగల్, 1-బి రెండూ తీయించి, పైకి చదివించుకోండి. తెర మీద చూసింది చాలదు, సంతకం ఉన్న నకలు మీసేవలోనో సచివాలయంలోనో తీసుకోండి. మూడోది, తప్పుంటే తహశీల్దారుకి అర్జీ రెండు కాపీలు రాయండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి. నోటిమాటకి సాక్ష్యం ఉండదు.

నాలుగోది, పోడుకి హక్కు రానివాళ్ళు గ్రామసభ పెట్టించండి. సగం మంది రావాలి, అందులో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. కాగితం లేదంటే భయపడకండి. ముసలోళ్ళ వాంగ్మూలం రాసుకోవచ్చు. గట్లు, నుయ్యి, పాత ఇల్లు, తాతల సమాధులు కూడా సాక్ష్యాలే. ఈ చట్టం మన సమాధుల్ని లెక్కలోకి తీసుకుంటుంది. కనీసం రెండు సాక్ష్యాలు పెట్టండి. కాదంటే కారణం రాసిమ్మనండి. గ్రామసభ కాదంటే సబ్ డివిజన్ కమిటీకి, అక్కడా కాదంటే జిల్లా కమిటీకి, 60 రోజుల్లో పైకి పెట్టుకోవచ్చు.

ఒక్కడు వెళితే ‘రేపు రా’ అంటారు. గూడెమంతా వెళితే కుర్చీలోంచి లేచి నిలబడతారు. వచ్చే సంతకి ముందు ఆ నోటుబుక్కు మొదటి పేజీ నిండాలి. విధవరాళ్ళ పేర్లతో మొదలెట్టండి. రికార్డులోంచి అందరికంటే ముందు పోయేది వాళ్ళ పేర్లే.

జై భీమ్.