గంజి పోసిన చేయి, జెండా పట్టిన చేయి
(మే డే సభలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



"ఎర్రజెండా కింద నిలబడి చర్చికి పోయే ఆడమనిషి సంగతి ఎందుకయ్యా?" అని ఇందాక ఒక పెద్దాయన అడిగారు. మే డే కనుకనే చెబుతున్నాను. 1933 మే ఒకటిన న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో కార్మికుల సభ జరుగుతుంటే, డొరతీ డే అనే ఆమె తన పత్రికను అక్కడే మొదటిసారి అమ్మకానికి పెట్టింది. పత్రిక పేరు 'కాథలిక్ వర్కర్'. వెల ఒక సెంటు. ఇవాళ్టికీ అదే వెల.

ఆమె 1897లో బ్రూక్లిన్‌లో పుట్టింది. సోషలిస్టు పత్రికలో విలేకరిగా పనిచేసింది. ఆడవాళ్లకు ఓటు కావాలని 1917లో జైలుకు పోయింది. కూతురు పుట్టాక, 1927లో కాథలిక్ మతంలో చేరింది. బిడ్డ తండ్రికి దేవుడన్నా పెళ్లన్నా సరిపడదు. విడిపోయారు. బిడ్డను ఒంటరిగా పెంచింది. ఆ కూతురికి తొమ్మిదిమంది పిల్లలు.

ఆ రోజుల్లో అమెరికాలో నలుగురిలో ఒకరికి పని లేదు. పీటర్ మారిన్ అనే ఆయనతో కలిసి ఆమె పేదల కోసం ఇళ్లు తెరిచింది. ఆకలితో వచ్చినవాడికి సూప్, రొట్టె, పడుకోను చోటు. నీది ఏ మతం అని అడిగేది లేదు. వండేవాళ్లకు, వడ్డించేవాళ్లకు జీతం లేదు. 1936లో ఓడ కార్మికులు సమ్మెకు దిగితే రేవు దగ్గర ఒక చోటు తీసుకుని వాళ్లకూ తిండి పెట్టారు.

ఇది వింటుంటే ముందు వరసలో కూర్చున్న పెద్దలకు మన బొంబాయి గుర్తురావాలి. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైనప్పుడు జీతాలు లేని మనుషులకు అప్పు రాసుకుని అన్నం పెట్టిన ఖానావళి అమ్మలు ఎవరు? సమ్మె నాయకుల పేర్లు మన పుస్తకాల్లో ఉన్నాయి. ఈ అమ్మల పేరు ఒక్కటీ నాకు కనబడలేదు. వాళ్లూ సమ్మె చేసినట్టే. బతికున్నవాళ్లనైనా అడిగి రాయించాలని కమిటీ ముందు పెడుతున్నాను.

అన్నం పెట్టడం సేవ, జెండా పట్టడం రాజకీయం అని ఆమె వేరు చేయలేదు. 1949లో న్యూయార్క్‌లో చర్చి శ్మశానంలో గోతులు తవ్వేవాళ్లు సమ్మె చేశారు. వారానికి 48 గంటల పనిని 40కి తగ్గించమన్నారు. యజమాని చర్చే! కార్డినల్ స్పెల్‌మన్ వాళ్లను కమ్యూనిస్టులన్నాడు, పాదిరీ చదువు చదివే కుర్రాళ్లను తెచ్చి గోతులు తవ్వించాడు. డొరతీ కార్మికుల పక్కన నిలబడింది. కార్డినల్‌కు ఉత్తరం రాసింది. అయినా పూజకు పోవడం మానలేదు. నా మట్టుకు నాకు ఇదే కష్టమైన పని అనిపిస్తుంది. ఇల్లు వదిలి బయట నిలబడి తిట్టడం సులువు. లోపలే ఉండి ఎదురు చెప్పేవాళ్లు ఎంతమంది? మన యూనియన్‌లోనూ లెక్క అంతే.

1973లో కాలిఫోర్నియా ద్రాక్షతోటల కూలీలు సీజర్ చావెజ్ నాయకత్వంలో పోరాడుతుంటే, 75 ఏళ్ల వయసులో అక్కడికి పోయింది. ఎండలో చిన్న పీట వేసుకుని పోలీసుల ఎదుట కూర్చుంది. అరెస్టయింది. అదే ఆమె చివరి జైలు.

1980 నవంబరు 29న న్యూయార్క్‌లో, పేద ఆడవాళ్ల కోసం తాము నడిపే ఇంట్లోనే కన్నుమూసింది. దేవదారు చెక్క పెట్టెను మనవళ్లు మోశారు.