తలకు దెబ్బ – మూలకణముల చికిత్స
(కృష్ణపట్నమున పంచాయతీ సభ్యుల ఎదుట గావించిన ప్రసంగ పాఠము)



ఓడరేవునకు పోవు బాటపై లారీలు రాత్రింబవళ్లు తిరుగుచుండును. మోటారు సైకిలుపై నుండి పడినవాని కాలు విరిగినచో కొన్ని మాసములకు అతుకుకొనును. మెదడునకు గాయమైనచో అట్లు కాదు. నశించిన నరకణములు చాలవరకు మరల పుట్టవు. ప్రాణము దక్కినను ఒక్కొక్కరికి చేయి లేవదు, మాట తిరుగదు. అట్టివాని యింటివారితో "మూలకణములు ఎక్కించిన నయమగును" అని యెవరైన చెప్పినచో, వారు పొలము అమ్ముటకైనను వెనుదీయరు. కావున ఆ చికిత్స సంగతి గ్రామపెద్దలకు తెలిసియుండవలెను.

మూలకణమనగా ఇతర కణములుగా మారగల కణము. మన ఎముకలలోని మూలుగయందు ఇవి యుండి నిత్యము కొత్త రక్తమును పుట్టించుచున్నవి. కొన్ని రక్తవ్యాధులకు మూలుగ మార్పిడి చికిత్స ఏనాడో స్థిరపడినది. హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు 2001 నుండి, సున్నము, ఆమ్లము వంటివి పడి చెడిన కండ్లకు కంటిలోని మూలకణములతోనే చికిత్స చేసి, పలువురకు చూపు తెప్పించిరి.

మెదడు విషయము ఇంకను పరీక్షలో నున్నది. దెబ్బ తగిలి యేడాది దాటినను కాలుచేతులు స్వాధీనము గాని 61 మందిపై జరిగిన యొక పరీక్ష ఫలితములు 2021లో వెలువడినవి. కొందరికి పుర్రెకు చిన్న రంధ్రము చేసి, ఆరోగ్యవంతుల మూలుగ నుండి సిద్ధపరచిన కణములను గాయము చుట్టును ఉంచిరి. మిగిలినవారికి కణములుంచక, శస్త్రక్రియ చేసినట్లు మాత్రమే చేసిరి. ఆరు మాసములకు కణములు పొందినవారి కదలిక ఎక్కువ మెరుగుపడినది. ఆ కణములే కొత్త మెదడుగా మారవు. మిగిలియున్న నరకణములకు తోడ్పడు పదార్థములను స్రవించునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. 2024 జులైలో జపాను ప్రభుత్వము దీనికి అనుమతి నిచ్చినది. అదియు షరతులతో, పరిమిత కాలమునకే. కనబడినది కొంత మెరుగే గాని పూర్తి స్వస్థత కాదు.

భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమావళి ననుసరించి, మెదడు గాయమునకు మూలకణములను వాడుట పరిశోధనయే గాని అంగీకృత చికిత్స కాదు. పరిశోధనలో చేరిన రోగి వద్ద అందుకై సొమ్ము పుచ్చుకొనరాదు. సొమ్ము అడిగినచోట అనుమానింపవలెను.

నమ్మకము వేరు, పరీక్ష వేరు. ఈ సంగతి ఈ ఊరికి కొత్త కాదు. 2021 మే మాసమున కరోనా మందుకై ఇచ్చటికి వేలాది జనులు వచ్చిరి. ప్రభుత్వము పంపిణీని ఆపి, పరీక్షింపజేసి, లోనికి పుచ్చుకొను మందులకు అనుమతించి, కంటి చుక్కలను నిలిపివేసినది. మెదడు మందునకును అట్టి పరీక్షయే న్యాయము.

పంచాయతీలు నేడే చేయదగిన పనులు కలవు. ప్రతి మోటారు సైకిలుదారుడు హెల్మెట్టు ధరించునట్లు చూడుడు. ప్రమాదము జరిగినచో వెంటనే 108కి ఫోను చేయించుడు. మొదటి గంట మిక్కిలి విలువైనది. గాయపడినవానిని ఆదుకొన్నవారికి చిక్కులు రాకుండ 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము రక్షణ కల్పించినది. ఈ మాట ఊరంతయు చాటుడు. బ్రతికి బయటపడినవానికి ఫిజియోథెరపీ, మాట నేర్పు శిక్షణ మానకుండ సాగించుడు. ఎవరైన చికిత్సకై పొలము అమ్మబూనినచో, ముందుగా ప్రభుత్వ వైద్యుని సలహా తీసుకొమ్మని చెప్పుడు.

విజ్ఞానము ముందుకు సాగుచున్నది. అది మన గడప చేరువరకు మన తలలను, మన పొలములను కాపాడుకొందము గాక!