సూరతు వడ్రంగులు, సాగరమెక్కిన టేకు
(సూరతు సమీపాన భేస్తాన్‌లో తెలుగువారి కోసం చేసిన ప్రసంగ పాఠం)



సూరతు నుండి ముంబయి వెళ్ళే రైలుమార్గంలో ఉధ్నా దాటిన తరువాత వచ్చే స్టేషను భేస్తాన్. ఈ పరిసరాలంటే నేడు గుర్తుకు వచ్చేది మరమగ్గాల చప్పుడు. కాని మగ్గాలకన్న ముందే సూరతును దేశదేశాలకు పరిచయం చేసినవి తాపీనది ఒడ్డున రూపొందిన తెరచాప ఓడలు. వాటి వెనుక ఉన్నది వడ్రంగి చేతి నేర్పు.

ఆ వడ్రంగులలో అగ్రగణ్యుడు లవ్‌జీ నసర్వాన్‌జీ వాడియా. ఆయన పూర్వులు ఏనాడో ఇరాన్ నుండి వచ్చి గుజరాతు గడ్డను తమదిగా చేసుకున్న పార్సీలు. సూరతు నౌకా నిర్మాణశాలలో మేస్త్రీగా ఉన్న లవ్‌జీ పనితనం చూచి ఈస్టిండియా కంపెనీవారు బొంబాయికి ఆహ్వానించారు. 1736లో ఆయన కొద్దిమంది వడ్రంగులను వెంటబెట్టుకొని తరలివెళ్ళాడు. అంటే బొంబాయి నౌకాపరిశ్రమకు పునాది వేసినవారు పొట్ట చేతబట్టుకొని పరాయి ఊరు చేరిన పనివారే.

వారి రహస్యం రెండు విషయాలలో ఉంది. మొదటిది టేకు. ఐరోపావారి ఓక్ కలపలోని ఆమ్లం ఇనుప మేకులను తినివేస్తుంది. టేకులోని నూనె వాటిని కాపాడుతుంది. పురుగును దగ్గరకు రానీయదు. రెండవది కూర్పు. పలకల అంచులను మెట్టులా చెక్కి, గుగ్గిలం పూసిన దూదిని నడుమ ఉంచి, ఒకదానిలో ఒకటి ఇమిడేట్లు బిగించేవారు. నీరు చొరడానికి సందుండేది కాదు.

ఈ మాటలకు నిలువెత్తు సాక్ష్యం 'ట్రింకోమలీ'. వాడియా వంశీయుల పర్యవేక్షణలో బొంబాయిలో నిర్మితమై 1817 అక్టోబరు 12న జలప్రవేశం చేసిన ఈ టేకు ఓడ, బ్రిటను యుద్ధనౌకలలో నేటికీ నీటిపై తేలుతున్నవాటిలో అతి ప్రాచీనమైనది. 1990–2001 మధ్య పునరుద్ధరణ పొంది హార్టిల్‌పూల్ రేవులో సందర్శకులకు దర్శనమిస్తున్నది.

ఈ విద్య తెలుగువారికి కొత్త కాదు. గోదావరి ముఖద్వారాన కోరంగి ఓడలు కట్టడానికి, బాగుచేయడానికి పేరుపొందిన రేవు. 1839 నాటి తుపాను ఆ రేవును కబళించింది. అయినా విద్య నశించలేదు. సమీపాన తాళ్ళరేవులో వడ్రంగుల చేతులలో అది బతికింది.

రేవు మునిగినా విద్య మిగులుతుంది, అయితే దానిని నేర్చుకొనే వారసుడు ఉన్నంతవరకే. లవ్‌జీ పేరు చరిత్రకు ఎక్కింది. ఆయన వెంట నడిచిన వడ్రంగుల పేర్లు ఎందరికి తెలుసు? వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ సీమల నుండి వచ్చి సూరతు మగ్గాలను నడుపుతున్న తెలుగు నేతగాండ్ర పేర్లకూ రేపు ఇదే గతి పట్టరాదు. వృద్ధ నేతగాండ్ర నోట వారి పని వివరాలను పిల్లలు నేడే విని వ్రాసి ఉంచాలి.

ఇరాను నుండి వచ్చిన కుటుంబం, గుజరాతు నేర్పు, అడవుల టేకు, బొంబాయి రేవు కలిస్తేనే ఆ ఓడ నీటిపై నిలిచింది. దేశమూ అట్టిదే. ఏ పలక ఎక్కడిదని సముద్రం అడుగదు. కూర్పు గట్టిగా ఉన్నదా లేదా అనే పరీక్షిస్తుంది.